సంతకానికి ముందు

మా అమ్మాయి డర్వలా ఆ ఏడాది మార్చిలో ప్రసార నిధికి రెండోసారి దరఖాస్తు పెట్టడానికి సిద్ధమైంది. టీవీ లైసెన్సు కింద జనం కట్టే డబ్బులోంచి కొంత పక్కకు తీసి, రేడియోకీ టీవీకీ మంచి కార్యక్రమాలు చేస్తామనే వాళ్లకు డబ్లిన్‌లోని ఆ ఆఫీసు సాయం చేస్తుంది. గడువు రోజు మధ్యాహ్నం పన్నెండు కొట్టిందంటే ఇక ఆ విడతకు తలుపు మూసేసినట్టే.

మొదటిసారి ఆమెకు రాలేదు. ఏదో ఒక స్టేషన్ ఈ కార్యక్రమాన్ని మేం ప్రసారం చేస్తామని ఉత్తరం రాసివ్వాలి. మా ఊరి రేడియో నడిపే ఫింటన్ ఉత్తరమైతే రాసిచ్చాడు గానీ కింద సంతకం పెట్టడం మరిచిపోయాడు. డర్వలా కూడా చూసుకోలేదు. ఆరు నెలల కష్టం ఆ ఒక్క సంతకం లేక పోయింది. అందుకని రెండోసారి నియమాల పుస్తకాన్ని నేనే చదువుతానన్నాను. పదిహేనేళ్లకే బడి మానేసి చేపల ఫ్యాక్టరీలో చేరినదాన్ని. అయినా ఒక్కో వరుస కింద స్కేలు పెట్టుకుని చదివితే అర్థం కానిదంటూ ఉండదు.

డర్వలా చేయాలనుకున్నది అట్రాక్టా పాడెన్ గురించి గంటసేపు నడిచే రేడియో కార్యక్రమం. అట్రాక్టాకు ఎనభై ఎనిమిదేళ్లు. పంతొమ్మిది వందల ఎనభైల్లో ఆటోమేటిక్ ఫోన్లు వచ్చేదాకా మా ఊరి పోస్టాఫీసు వెనక గదిలో టెలిఫోన్ ఎక్స్ఛేంజి నడిపింది ఆమే. పొద్దున్నా రాత్రీ ఆ బోర్డు ముందు కూర్చుని వైర్లు గుచ్చుతూ తీస్తూ ముప్పై ఏళ్లు గడిపింది. లండన్ నుంచి పెళ్లి కబురు వచ్చినా, బోస్టన్ నుంచి చావు కబురు వచ్చినా ముందు ఆమె చెవిన పడాల్సిందే. విన్నది బయటికి చెప్పకూడదని ఉద్యోగంలో చేరిన రోజున ప్రమాణం చేయించారట. ఆమె మాత్రం ఎవరికీ ఏమీ చెప్పలేదు. పాదిరిగారికి కూడా చెప్పలేదని ఊళ్లో అనుకునేవారు.

అట్రాక్టా దగ్గర అంగీకార పత్రం మీద సంతకం తీసుకురావడానికి ఒక ఆదివారం డర్వలా వెళ్లింది. అరగంట పని. మూడు గంటల తర్వాత వర్షంలో తడిసి ఇంటికొచ్చింది. కోటు విప్పకుండానే వంటింట్లో నిలబడిపోయింది.

"అమ్మా, చెప్పేసింది. అంతా చెప్పేసింది. 'నా ప్రమాణం ఎవరికి చేశానో ఆ శాఖే ఇప్పుడు లేదు, ఇంకెవరికి భయం' అంది. గంటా ఇరవై నిమిషాలు!"

"కోటు తీయి ముందు. న్యుమోనియా వస్తుంది."

"రికార్డు చేశాను. చిన్న రికార్డర్ బ్యాగులో ఉందిగా. ఆవిడే 'పెట్టుకో పిల్లా, మళ్లీ మళ్లీ చెప్పే ఓపిక నాకు లేదు' అంది."

పొయ్యి దగ్గర బూట్లు ఆరబెట్టుకుంటున్న నా భర్త మలకీ నవ్వాడు. "అట్రాక్టా నోరు తెరిచిందా? అయితే ఇవాళ సముద్రం వెనక్కి పోయుంటుంది. వెళ్లి చూసొస్తా."

ఆ పూట మా ఇంట్లో ఎంత సంతోషంగా ఉందో. డర్వలా రెండు సోడా రొట్టె ముక్కలకు వెన్న దట్టంగా రాసుకుని తింది. చాలా రోజుల తర్వాత అలా తినడం చూశాను.

మూడు రోజుల తర్వాత నియమాల పుస్తకంలో పంతొమ్మిదో పేజీకొచ్చాను. ఒప్పందం మీద సంతకాలు కాకముందే నిర్మాణం మొదలైన కార్యక్రమాన్ని పరిశీలనకు తీసుకోరని అక్కడ రాసి ఉంది. స్కేలు ఆ వరుస కిందే ఆపి మళ్లీ చదివాను. ఆ పేజీ మూల మడిచి పెట్టాను.

ఇలాంటి రూలుతో మాకు ఒకసారి దెబ్బ తగిలింది, కిటికీల విషయంలో. ఎనిమిదేళ్ల క్రితం ఇంటికి చలి తగలకుండా కొత్త కిటికీలు వేయించుకుంటే ప్రభుత్వం సాయమిస్తుందని దరఖాస్తు పెట్టాం. అనుమతి ఉత్తరం వచ్చేలోపు పని మొదలుపెట్టకూడదని కాగితం మీద స్పష్టంగా ఉంది. మలకీకి తెలిసిన వడ్రంగికి ఆ వారమే ఖాళీ. ఉత్తరం ఎలాగూ వస్తుంది కదా అని వంటింటి కిటికీ ఒక్కటి బిగించేశారు. తనిఖీకొచ్చిన మనిషి ఆ కిటికీ అంచు మీద వేలితో నొక్కి చూశాడు. అంటించిన జిగురు ఇంకా మెత్తగానే ఉంది. పోయింది ఒక్క కిటికీ సాయం కాదు, మొత్తం ఇంటి సాయం. మా వీధిలో ప్రతి ఇంటికీ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. ఉత్తరం రాకముందు మేకు కూడా కొట్టొద్దని పిల్లలకు నేర్పుకుంటాం.

రాత్రి భోజనం దగ్గర పుస్తకం తెరిచి డర్వలా ముందు పెట్టాను.

"అమ్మా, ఇది వేరు. నేను కార్యక్రమం మొదలుపెట్టలేదు. ఆవిడతో మాట్లాడానంతే. పరిశోధన అంటారు దీన్ని."

"నువ్వు పరిశోధన అంటావు. డబ్లిన్‌లో కూర్చున్నవాడు ఏమంటాడు? మీ నాన్న కూడా 'ఇది పని కాదు, ఊరికే ఒక్క కిటికీ' అన్నాడు."

"నన్నెందుకు లాగుతావే మధ్యలో?" అన్నాడు మలకీ. "ఆ కిటికీ నేను చచ్చేదాకా నా మెడకే వేలాడుతుందా?"

"వేలాడుతుంది."

డర్వలా ఫోర్కు కింద పెట్టింది. "అయితే ఆఫీసుకి ఫోన్ చేసి అడుగుతా. రేపు పొద్దున్నే. నంబరు పుస్తకం వెనకే ఉంది."

"వద్దు!" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "అడిగావంటే నీ పేరు రాసుకుంటారు. 'ఈ అమ్మాయి ముందే మొదలుపెట్టింది' అని పక్కన గుర్తు పెట్టుకుంటారు. మొదటిసారి సంతకం లేదని పోయింది. రెండోసారి ఇదీ పోతే మూడోసారి నీ కాగితం తెరిచి కూడా చూడరు."

"వాళ్లేం రాక్షసులు కాదమ్మా."

"రాక్షసులైతే నయం, బతిమాలుకోవచ్చు. వాళ్లు రూళ్లు చూసేవాళ్లు."

మూడు రోజులు ఇదే గొడవ. రికార్డర్‌లో ఉన్నదానికి తేదీ ఉంటుంది, రేపు కార్యక్రమంలో ఆ ముక్క వాడితే లెక్క చూసేవాళ్లకు తేదీ దొరుకుతుంది, దొరికితే ఇచ్చినదంతా వెనక్కి కట్టమంటారు అని వాదించాను. వాడనులే అంది. వాడకపోతే ఉంచుకోవడం ఎందుకన్నాను. అప్పటికే ఆమె మందుల షాపులో రోజంతా నిలబడి వచ్చి, సాయంత్రం దరఖాస్తు రాస్తోంది. కళ్ల కింద నల్లగా ఉంది. అట్రాక్టా ఎక్కడికీ పోదు, ఒప్పందమయ్యాక ఇంతకంటే మంచి మైకుతో మళ్లీ చెప్పించుకోవచ్చు అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

శనివారం పొద్దున ఆమె పనికి వెళ్లాక రికార్డర్ బల్ల మీద కనిపించింది. చెవులకు పెట్టుకునేవి పెట్టుకుని విన్నాను. ఏముందో తెలిస్తే అందులో ఎంత ప్రమాదం ఉందో తెలుస్తుంది కదా అనుకున్నాను. కాసేపటికి అదంతా మర్చిపోయాను. బంగాళాదుంపలు పొయ్యి మీద మాడిపోయాయి.

అట్రాక్టా గొంతు చిన్నది, కొంచెం పొడిగా ఉంటుంది, ప్రతి మాట చివరా తెగినట్టు ఆగుతుంది. తీగల మీద మాట్లాడి మాట్లాడి అలా అయింది. ఒక తల్లి గురించి చెప్పింది. పేరు చెప్పలేదు. అప్పట్లో ఊళ్లో చాలా ఇళ్లకు ఫోన్ లేదు. లండన్ నుంచి నాలుగు గంటలకు ట్రంకు కాల్ వస్తుందని కబురందితే ఆ తల్లి పోస్టాఫీసుకొచ్చి కూర్చుంది. కొడుకు అక్కడ భవనాల పనిలో ఉన్నాడు. లైను కలిపేటప్పుడు అవతలి మేస్త్రీ, ఇంగ్లండు ఎక్స్ఛేంజి అమ్మాయితో అన్న మాట అట్రాక్టాకు వినబడింది. కుర్రాడు పరంజా మీదినుంచి పడి చనిపోయాడు, తల్లికి చెప్పాలి.

"నేను లైను బాగాలేదన్నాను," అంటోంది ఆ గొంతు. "నాలుగు నిమిషాలు ఆగమన్నాను. లైను బాగానే ఉంది. ఆవిడకి టీ ఇచ్చాను. కొడుక్కి చొక్కా కొలత ఎంతో, మెడ దగ్గర ఎంత వదులుండాలో నాతో చెప్తోంది. క్రిస్మస్‌కి కుట్టిస్తుందట. నేను గడియారం వంక చూస్తూ వింటున్నాను. ఆ తర్వాత కలిపాను. ఆ నాలుగు నిమిషాలు దొంగతనం చేశాను. ఎవరి దగ్గర చేశానో ఇప్పటికీ తెలీదు."

ఆ తర్వాత చాలాసేపు గోడగడియారం చప్పుడు ఒక్కటే ఉంది. డర్వలా ప్రశ్న అడగలేదు. అలా ఊరుకోవడం ఎక్కడ నేర్చుకుందో నా కూతురు.

ఇంత విన్నాక కూడా సాయంత్రం ఆమె రాగానే మళ్లీ మొదలుపెట్టాను. అసలు ఇంకా ఎక్కువ భయమేసింది. ఇంత మంచి కార్యక్రమం ఒక తేదీ వల్ల పోతే ఎలా? డర్వలా చెప్పులు కూడా విప్పలేదు. రికార్డర్ తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వే చెయ్యి. ఇక నా వల్ల కాదు. నువ్వు నిద్రపోతే మేమిద్దరం నిద్రపోతాం."

నిజంగా చెరిపెయ్యాలా అని ఆ చిన్న తెర అడిగింది. ఔనని నొక్కాను.

దరఖాస్తు ఏప్రిల్‌లో గడువుకు రెండు రోజుల ముందే వెళ్లింది. ఫింటన్ సంతకం నా కళ్లముందే పెట్టించాను. ఇక ఎదురుచూపులు. నాలుగు నెలలు పట్టొచ్చన్నారు. ఆ వేసవంతా డర్వలా వారానికోసారి అట్రాక్టా ఇంటికి పోయేది. తోడుగా నేనూ వెళ్లేదాన్ని. పాత సంగతుల జోలికి పోకుండా వాతావరణం గురించీ, పక్కింటి కుక్క గురించీ మాట్లాడుకునేవాళ్లం. ఒప్పందమయ్యాక అంతా మళ్లీ చెప్పాలని తెలిసిన అట్రాక్టాకు మాత్రం ఆ ఆలస్యం నచ్చేది కాదు.

"ఎప్పుడొస్తావు పిల్లా ఆ డబ్బా పట్టుకుని?" అనేది.

"డబ్లిన్ వాళ్లు ఔననాలి, అట్రాక్టా. ఒప్పందం మీద సంతకం కావాలి."

"నా వయసెంతో రాశావా వాళ్లకి?"

"రాశాను."

"అయినా తొందరపడలేదా?"

"అందరికీ ఒకటే వరస. మీరు పెద్దవారని మనకు ముందివ్వరు."

"ఒక లైను కలపడానికి నేను ఇంతసేపు తీసుకుని ఉంటే ఈ ఊరు నన్ను పోస్టాఫీసు గుమ్మానికి ఉరేసేది," అంది అట్రాక్టా. నా వైపు తిరిగి, "ఏమ్మా కార్మెల్, ఎందుకలా ముడుచుకుపోయావు? నేను రేపే పోతానా ఏంటి?" అని నవ్వింది.

ఆ మాట తగలకుండా ఉండాలని నేను కుర్చీ చెక్క మీద వేలితో తట్టాను. అలాంటి మాటలు నేనెప్పుడూ గాలికి వదలను.

ఆగస్టు పద్నాలుగున ఆమెకు పక్షవాతం వచ్చింది. పాలవాడు చూశాడు. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. బతికింది. మాట పోయింది. మూడు వారాలు ఆస్పత్రిలో ఉంచి తర్వాత బెల్ముల్లెట్ దారిలో ఉన్న వృద్ధుల సంరక్షణ గృహానికి పంపారు. అక్కడ మాట నేర్పే అమ్మాయి ఒకరు వారానికి రెండుసార్లు వస్తుంది. ఆమె మాకు ఓపిగ్గా చెప్పింది. మనం చెప్పేదంతా అట్రాక్టాకు అర్థమవుతుంది. లోపల మాట ఉంటుంది, నోటికీ రాదు, చేతికీ రాదు. పలక ఇచ్చినా గీతలే గీస్తుంది. ఒక్కోసారి తల ఊపడంలో కూడా ఔను, కాదు తారుమారవుతాయి.

సెప్టెంబరు ఆరున ఉత్తరం వచ్చింది. ఈసారి డర్వలాకు ఇచ్చారు. అడిగినదంతా ఇచ్చారు. ఉత్తరం చేతిలో పట్టుకుని ఆమె వంటింట్లో నిలబడింది. మలకీ ఏదో హాస్యమాడబోయి ఆగిపోయాడు. నేను కెటిల్ పెట్టాను. అంతకంటే చేయగలిగిందేమీ కనబడలేదు.

ఒప్పందం పంపారు. సంతకం పెట్టింది. మర్నాడు మంచి మైకు ఫింటన్ దగ్గర అరువు తీసుకుని సంరక్షణ గృహానికి వెళ్లింది. అట్రాక్టా మైకును చూసింది. ఎడమ చేత్తో జుట్టు సర్దుకుంది. నోరు తెరిచింది. ఆ శబ్దానికి ఆకారం లేదు. మళ్లీ ప్రయత్నించింది, కళ్లు పెద్దవి చేసి, మెడ నరాలు ఉబ్బేలా. డర్వలా మైకు ఆపేసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇప్పుడు రికార్డు చేయొచ్చు," అంది కారులో, నా వైపు చూడకుండా. "రూలు ప్రకారం ఇప్పుడు ఏదైనా రికార్డు చేయొచ్చు."

వైపర్లు వేసి కారు ఇంటి దారి పట్టించింది.

సోమవారం ఆమె డబ్లిన్‌కి ఫోన్ చేసింది. వంటింటి బల్ల దగ్గర, స్పీకరు పెట్టి. బహుశా నేను వినాలనే పెట్టిందేమో, తెలియదు. అవతల ఒక ఆడమనిషి. గొంతు నెమ్మదిగా ఉంది, తొందర లేదు. జరిగింది విని "అయ్యో, పాపం," అంది. కార్యక్రమం మార్చుకోవచ్చని చెప్పింది. ఊళ్లోవాళ్లు అట్రాక్టా గురించి చెప్పే విధంగా చేయొచ్చు, ఒక ఉత్తరం రాయండి, అభ్యంతరం ఉండదు అంది. తర్వాత అడిగింది.

"పరిశోధన కోసం ఆవిడతో మాట్లాడినప్పుడు ఏమైనా రికార్డు చేసి పెట్టుకున్నారా? అలాంటిది ఉంటే వాడుకోవచ్చు. అది నిర్మాణం కింద లెక్కకు రాదు. చాలామంది అలా చేస్తారు. ముందుగా మాకొక మాట చెప్తే చాలు."

డర్వలా తల ఎత్తి నన్ను చూసింది. నేను సింకు దగ్గర తడి గుడ్డతో నిలబడి ఉన్నాను.

"హలో? వినబడుతోందా?" అంది ఆ గొంతు.

"వినబడుతోంది," అంది డర్వలా. "లేదండీ. మా దగ్గర ఏమీ లేదు."

ఫోన్ పెట్టేశాక ఆమె ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నన్ను తిట్టమన్నాను. ఒక ప్లేటు పగలగొట్టినా బాగుండేది.

"నువ్వు నొక్కావు, నేను నొక్కనిచ్చాను," అంది. "నీ భయం సంగతి పుట్టినప్పటినుంచీ నాకు తెలుసు. ఒక్క ఫోను నేను చేసి ఉండాల్సింది." ఆమె గొంతులో కోపం లేదు. అలసట ఉంది. కోపమైతే నేను తట్టుకునేదాన్ని.

ఆ శీతాకాలమంతా ఆమె ఊరు తిరిగింది. పోస్టాఫీసులో పనిచేసిన వాళ్లు, లండన్ నుంచి తిరిగొచ్చిన వాళ్లు, తమ ఇంటి పెళ్లి కబురు అట్రాక్టా కలిపిన లైనులో విన్నవాళ్లు మాట్లాడారు. మంచి మాటలే. నలభై నిమిషాలు నిండాయి. కానీ ఎక్స్ఛేంజి లోపలి సంగతి ఒక్కటీ లేదు. బయటివాళ్లకు అది తెలిసే వీల్లేదు కదా.

ఒక సాయంత్రం పళ్లేలు కడుగుతుంటే వెనక నుంచి అడిగింది. "అమ్మా, అది చెరిపేముందు విన్నావు కదూ?"

చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి. ఎలా తెలిసిందని అడిగాను.

"ఆ రోజు బంగాళాదుంపలు మాడ్చావు. నువ్వెప్పుడూ మాడ్చవు. రికార్డు చేసిన రోజు నేను ఆవిడ ఎదురుగా కూర్చున్నాను గానీ సగం సేపు బ్యాటరీ వంకే చూశాను, సరిగ్గా వినలేదు. ఇంటికొచ్చి వింటాలే అనుకున్నాను. నువ్వు పూర్తిగా విన్నావు. ఆ తల్లి కథ నువ్వు చెప్పు."

"నేనా? రేడియోలోనా? ఒక మాట తప్పు చెప్తే?"

"చెప్పమ్మా."

ఫింటన్ స్టేషన్ పాత పాలకేంద్రం మేడ మీద ఉంది. బయటి చప్పుడు రాకుండా గోడలకు కోడిగుడ్లు పెట్టే అట్టలు, కిటికీకి దుప్పటి. నాకు నీళ్ల గ్లాసు పెట్టి, "ఆ మైకు కరవదు కార్మెల్, మీ ఆయన కంటే నయం," అన్నాడు. నవ్వు రాలేదు. మూడుసార్లు చెప్పాను. మొదటిసారి ఏడ్చాను. రెండోసారి పాఠం అప్పజెప్పినట్టొచ్చింది. మూడోసారి డర్వలా సరే అంది. నాలుగు నిమిషాలు, టీ, చొక్కా కొలత, గడియారం. మాటలన్నీ ఉన్నాయి. అట్రాక్టా గొంతులో ఉన్నప్పుడు వాటి మధ్య ఏదో ఉండేది. అది నేను తేలేకపోయాను.

ప్రసారానికి పది రోజుల ముందు అట్రాక్టాకు ముందు వినిపించాలని డర్వలా అంది. సంరక్షణ గృహంలో ఆమె కుర్చీని కిటికీ దగ్గరకు జరిపి, చిన్న స్పీకరు ఒళ్లో పెట్టాం. పోస్టాఫీసు వాళ్ల మాటలకు నవ్వింది. ఎడమ వైపు మాత్రమే నవ్వుతుంది ఇప్పుడు. పెళ్లి కబురు దగ్గర కళ్లు తుడుచుకుంది. నా గొంతు వచ్చింది. లైను బాగాలేదని చెప్పిందన్నాను. టీ ఇచ్చిందన్నాను. చొక్కా కొలత గురించి చెప్తుండగా అట్రాక్టా చెయ్యెత్తింది. తల అడ్డంగా ఊపింది. గట్టిగా, మళ్లీ మళ్లీ.

డర్వలా ఆపేసింది. "తప్పుందా, అట్రాక్టా? అమ్మ ఏదైనా తప్పు చెప్పిందా?"

అట్రాక్టా నోరు కదిలింది.

"నాలుగు నిమిషాలు కాదా?" అన్నాను. అడ్డంగా ఊపింది. "ఎక్కువా? తక్కువా?" అడ్డంగానే. "టీ కాదా? లండన్ కాదా? క్రిస్మస్ కాదా?" ఏదడిగినా అదే. చివరికి అలసిపోయి ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుని ఊపింది, తలుపు తియ్యమని గొళ్లెం ఊపినట్టు. అప్పుడు మాట నేర్పే అమ్మాయి వచ్చి ఇవాళ్టికి చాలండీ అంది.

ఇంట్లో మలకీ, "బాగుందని ఊపిందేమో. ఔను, కాదు తారుమారవుతాయని ఆ అమ్మాయే చెప్పిందిగా," అన్నాడు.

"నువ్వక్కడ లేవు నాన్నా," అంది డర్వలా.

కాలపరిమితి ఉంది. ఒప్పందంలో రాసిన తేదీకి కార్యక్రమం అందించాలి. ఆమె రెండు రోజులు గదిలోంచి రాలేదు. మూడో రోజు వచ్చి, నా భాగం తీసేశానని చెప్పింది.

"తప్పు ఎక్కడుందో తెలియదు, కానీ ఉందని ఆవిడ చెప్తోంది. తెలిసి తెలిసి ఆవిడ పేరు మీద ఎలా వేస్తాను?"

"మంచి పని చేశావు," అన్నాను. నిజంగానే అన్నాను. తర్వాత బయటికెళ్లి తీగ మీది బట్టలు తీశాను, ఆరకముందే.

కార్యక్రమం ఫిబ్రవరిలో ఒక ఆదివారం వచ్చింది. ఊరంతా విన్నారు. ఫింటన్‌కు ఫోన్లు వచ్చాయి, అమెరికా నుంచి కూడా. డబ్లిన్ ఆఫీసులోని ఆ ఆడమనిషి కూడా ఫోన్ చేసి, అదే నెమ్మది గొంతుతో అభినందించింది. చర్చి బయట డర్వలాతో అందరూ చేతులు కలిపారు. ఆ తల్లి కథ మాత్రం ఎక్కడా లేదు. నా తలలో ఒక్కచోటే ఉంది, లోపల ఎక్కడో ఒక తప్పుతో.

గురువారాలు నేను అట్రాక్టా దగ్గరకు వెళ్తాను. అరటిపండు ముక్కలు కోసి పెడతాను. అప్పుడప్పుడూ ఒక ప్రశ్న అడుగుతాను. ఒక్కటే, అలసట రాకుండా. ఆ తల్లి కూర్చోలేదా, నిలబడే ఉందా? అడ్డంగా. మేస్త్రీ కాదా మాట్లాడింది? అడ్డంగా. ఒక వారం ఆమె కళ్లు మూసుకుని వద్దన్నట్టు ఊరుకుంది. ఆ వారం ఇంకేమీ అడగలేదు.

పోయిన గురువారం వానలో బస్సు ఆలస్యమైంది. దారిలో నాకొకటి తోచింది. లండన్ నుంచి ఫోనొస్తోంది, వచ్చి కూర్చోమని నాకెవరైనా కబురు పంపితే, ఆ పోస్టాఫీసు దాకా నడిచే లోపే మనసులో నా బిడ్డను నేను వందసార్లు పాతిపెట్టి ఉంటాను. చొక్కా కొలత గురించి ఎవరడిగినా చెప్తాను, ఆపకుండా చెప్తూనే ఉంటాను, ఆపితే లైను కలుస్తుంది కాబట్టి.

తడి కోటుతోనే ఆమె ముందు కూర్చున్నాను.

"అట్రాక్టా," అన్నాను. "కొడుకు పోయాడని ఆ తల్లికి ముందే తెలుసా? మీరు ఆపుతున్నారని కూడా ఆవిడకి తెలుసా?"

ఆమె తల ఊపలేదు. నిలువుగా లేదు, అడ్డంగా లేదు. నన్ను చాలాసేపు చూసింది. తర్వాత ఎడమ చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకుంది. సాయంత్రం భోజనం బండి వచ్చేదాకా వదల్లేదు. బస్సు పోయింది. మలకీకి ఫోన్ చేసి కారు తీసుకురమ్మన్నాను.